సోడియం దీపం దించే ముందు: ఒడిశా సరిహద్దు ఊళ్ళకి ఏ ఎల్‌ఈడీ నప్పుతుంది

"70 వాట్ల సోడియం దీపం తీసి 35 వాట్ల ఎల్‌ఈడీ, 150 తీసి 70, 250 తీసి 120." కొటేషన్ పట్టుకొచ్చే ప్రతి మనిషి జేబులోనూ ఈ లెక్క ఉంటుంది. లెక్క పూర్తిగా తప్పేం కాదు, కాకపోతే అందులో మీ ఊరు లేదు. స్తంభానికీ స్తంభానికీ ఎంత దూరం, రోడ్డు ఎంత వెడల్పు, లైను చివర రాత్రి ఏడింటికి ఓల్టేజి ఎంత? ఈ మూడూ తెలియకుండా వాట్లు ఖాయం చేస్తే బరంపురం పెద్ద రోడ్డు మసగ్గానూ, పర్లాకిమిడి సందు పట్టపగల్లానూ తయారవుతాయి.

ఈ సలహా గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మున్సిపాలిటీలు, ఎన్ఏసీలు (చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ళు), పెద్ద పంచాయతీల కోసం. టెండరు కాగితం ఇంగ్లీషులో, కౌన్సిల్ మీటింగు ఒడియాలో, నిచ్చెనెక్కే మనిషి మాట తెలుగులో. ఈ మూడింటి మధ్యా అసలు విషయం జారిపోతూ ఉంటుంది. జారిపోయేది ఎక్కువగా డ్రైవరూ (లైను కరెంటుని దీపానికి తగ్గట్టు మార్చే పెట్టె), ఎర్తూ. కాబట్టి ఎక్కువ మాట్లాడేది వాటి గురించే.

ముందు టేపు, తర్వాత టెండరు

ప్రతి స్తంభానికీ పెయింటుతో ఒక నంబరు వేసి, ఒక వరస రాసుకోండి: ఫిట్టింగ్ ఎత్తు, చేతి పైపు (స్తంభం నుంచి లైటు దాకా చాచిన పైపు) పొడవూ వంపూ, పైపు బయటి కొలత, తర్వాతి స్తంభం దాకా దూరం, రోడ్డు వెడల్పు, ఇప్పుడున్న దీపం, అది వెలుగుతోందా లేదా, ఎర్త్ వైరు ఉందా, చెట్టు కొమ్మ అడ్డమా.

పైపు కొలత చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒకటింబావు అంగుళం జీఐ పైపు బయటి కొలత 42 మి.మీ., ఒకటిన్నర అంగుళానిది 48, రెండంగుళాలది 60. కొత్త ఫిట్టింగ్ మెడ 60కి చేసి, పైపు 42 అయితే సందులో రేకు ముక్కలు కుక్కి బిగిస్తారు. మొదటి గాలివానకే లైటు పక్కకి తిరిగి ఎవరింటి కిటికీలోకో వెలుగు కొడుతుంది. సర్దుబాటు అయ్యే మెడ ఉన్న ఫిట్టింగే అడగండి, లేదా కొలతలవారీగా ఆర్డరివ్వండి.

ఓల్టేజిని రెండు వేళల్లో చూడాలి. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య లైను చివరి స్తంభం దగ్గర ఎంత తగ్గుతోందో ఒకసారి. తెల్లవారుజామున మూడింటికి, ఊరంతా నిద్రలో ఉండి లోడు పడిపోయినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎంత పెరుగుతోందో ఇంకోసారి. మొదటిది చూసేవాళ్ళు ఉంటారు. రెండోది చూడరు. డ్రైవర్లని ఎక్కువగా చంపేది ఆ రెండోదే.

వాట్లు కాదు, నేల మీద పడే వెలుగు

మన దేశంలో రోడ్డు దీపాలకి ఆధారం ఐఎస్ 1944 అనే భారతీయ ప్రమాణం. దాని ప్రకారం బాగా రద్దీగా ఉండే ముఖ్య రహదారికి సగటున 30 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత), మిగతా ముఖ్య రోడ్లకి 15, ఊళ్ళోని రెండో తరగతి రోడ్లకి 8, వీధులకీ సందులకీ 4. సగటు ఒక్కటే సరిపోదు. అతి తక్కువ వెలుగున్న చోటుని సగటుతో భాగిస్తే పెద్ద రోడ్లలో 0.4, చిన్న వాటిలో 0.3 కన్నా తగ్గకూడదు.

అంచనాకి సులువైన లెక్క ఒకటుంది. ఫిట్టింగ్ ఇచ్చే ల్యూమెన్లని (మొత్తం వెలుగు కొలత) 0.45తో (అందులో రోడ్డు మీద పడేది అంత), మళ్ళీ 0.8తో (దుమ్ముకీ, వయసుకీ పోయేది పోగా) గుణించి, స్తంభాల దూరం, రోడ్డు వెడల్పుల లబ్ధంతో భాగించండి. వాటుకి 110 ల్యూమెన్లు ఇచ్చే 20 వాట్ల ఫిట్టింగ్ అంటే 2,200 ల్యూమెన్లు. ఆరు మీటర్ల వీధి, స్తంభాలు 30 మీటర్ల దూరం అయితే 4.4 లక్స్. సరిపోయింది. అదే వీధిలో స్తంభాలు 40 మీటర్ల దూరాన ఉంటే 3.3కి పడిపోతుంది, అక్కడ 30 వాట్లు పెడితే గానీ 5 దగ్గరికి రాదు. ఒకే వీధి, ఒకే పాత ట్యూబులైటు, కొత్త అవసరాలు మాత్రం రెండు.

పెద్ద రోడ్డు మీదా అంతే. 250 సోడియం స్థానంలో 120 వాట్ల ఎల్‌ఈడీ 13,200 ల్యూమెన్లు ఇస్తుంది. పది మీటర్ల రోడ్డుకి 30 మీటర్లకో స్తంభం ఉంటే సగటున 15.8 లక్స్. అదే రోడ్డు 14 మీటర్ల వెడల్పై, స్తంభాలు ఒకవైపే ఉంటే 11.3. ఇక్కడ 160 వాట్లది కావాలి, లేదా అవతలివైపూ స్తంభాలు వేయాలి.

ఒక హద్దు మాత్రం ఏ వాటేజీ దాటించలేదు. స్తంభాల దూరం ఫిట్టింగ్ ఎత్తుకి నాలుగు, నాలుగున్నర రెట్లు దాటితే మధ్యలో చీకటి పాచ్ మిగిలిపోతుంది. ఆరున్నర మీటర్ల ఎత్తున్న లైట్లు 40 మీటర్లకొకటి ఉన్న వీధిలో లెక్క ప్రకారం సగటు సరిపోయినా, మధ్యలో నడిచే మనిషికి గుంట కనిపించదు. అక్కడ డబ్బు వాట్ల మీద కాదు, ఇంకో స్తంభం మీద పెట్టాలి. సప్లయర్‌ని ఐఈఎస్ ఫైలు (ఫిట్టింగ్ వెలుగు ఎటు ఎంత పడుతుందో ల్యాబులో కొలిచిన కంప్యూటర్ ఫైలు) అడగండి. రోడ్డు వెలుగు లెక్కకట్టే డయలక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మీ ఊరి కొలతలతో నమూనా వేసి చూపించమనండి. ఫైలు లేదంటే ఆ ఫిట్టింగ్‌కి ల్యాబు పరీక్ష జరగలేదనే అనుకోవచ్చు. లెన్సు విషయంలో ఇరుకు వీధికి టైప్-2, వెడల్పు రోడ్డుకి టైప్-3 అన్నది చాలా చోట్ల సరిపోయే సూత్రం. లెన్సు లేని బల్లపరుపు చిప్పుల పలక మాత్రం వద్దు. అది స్తంభం కిందే వెలుగు పోసి, దూరాన ఉన్నవాడి కంట్లో కొడుతుంది.

బల్బు మార్చడమా, ఫిట్టింగే మార్చడమా

పాత సోడియం డబ్బాలోనే హోల్డరుకి ఎల్‌ఈడీ బల్బు తగిలించడం చవక. పంచాయతీలకి ఆశ పుట్టించేదీ అదే. రెండు కారణాల వల్ల దీన్ని వద్దనే చెప్పాలి. మొదటిది, పాత డబ్బాలో ఇగ్నైటర్ ఉంటుంది. సోడియం దీపాన్ని వెలిగించడానికి అది నాలుగైదు వేల ఓల్టుల పల్సులు కొడుతుంది. చోకునీ ఇగ్నైటర్‌నీ తప్పించకుండా బల్బు పెడితే ఆ పల్సులు తిన్నగా ఎల్‌ఈడీ మీదే పడతాయి. "కొత్త బల్బు వారంలోనే పోయింది" అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే. రెండోది, పాత రిఫ్లెక్టరు సోడియం గొట్టం ఆకారానికి చేసింది. ఎల్‌ఈడీ బల్బు వెలుగు అందులో సగం చిక్కుకుపోతుంది, వేడి కూడా బయటికి పోదు.

సందుల్లో ట్యూబు పట్టీ తీసి 20 వాట్ల చిన్న ఫిట్టింగ్ పెట్టడం తేలిక, అక్కడ చిక్కు లేదు. డ్రైవర్ లేకుండా నేరుగా కరెంటు ఇచ్చే డీఓబీ పలకలు మాత్రం ఎంత చవకైనా వీధికి పనికిరావు. ఓల్టేజి ఊగితే వెలుగూ ఊగుతుంది, పిడుగుల కాలంలో మొదట పోయేవీ అవే.

ఏది ముందు మార్చాలన్న దానికి జవాబు కరెంటు బిల్లులో ఉంది. రాత్రికి 11 గంటల చొప్పున ఏడాదికి దాదాపు 4,000 గంటలు. 250 సోడియం చోకుతో కలిపి 280 వాట్ల దాకా తాగుతుంది, అంటే 1,120 యూనిట్లు. 120 ఎల్‌ఈడీకి 480. ఒక్కో దీపానికి 640 యూనిట్లు మిగిలినట్టు. 40 వాట్ల ట్యూబు రాగి చోకుతో 52 వాట్లు, 208 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీకి 80. మిగిలేది 128. యూనిట్ రూ.6 అనుకుంటే సోడియం మీద ఏడాదికి రూ.3,840, ట్యూబు మీద రూ.768. నిధులు తక్కువైతే ముందు పెద్ద సోడియంలు. వార్డుల మధ్య పంచుదామని ట్యూబులతో మొదలుపెట్టడం రాజకీయంగా బాగుంటుంది గానీ, బిల్లు కదలదు.

ఒక మెలిక. మీటరు లేకుండా లోడు లెక్క మీద బిల్లు వేసే లైన్లు ఇంకా ఉంటే, దీపాలు మార్చినంత మాత్రాన బిల్లు తగ్గదు. డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) మనుషులతో కలిసి లైట్లు లెక్కించి, కనెక్టెడ్ లోడు తగ్గించినట్టు కాగితం మీద రాయించుకోవాలి. అంతకన్నా మంచిది లైట్లని వేసి ఆర్పే ప్రతి ప్యానెల్‌కీ మీటరు పెట్టించడం.

డబ్బు పెట్టాల్సింది డ్రైవర్ మీద, ఎర్త్ మీద

చిప్పు కంపెనీ పేరు అందరూ అడుగుతారు. చిప్పులు పోయే ఫిట్టింగ్‌లు అరుదు. 50,000 గంటల ఆయుష్షు అంటే ఏడాదికి 4,000 గంటల లెక్కన పన్నెండేళ్ళు. పోయేది డ్రైవరు, దాన్లోనూ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. అందుకే డ్రైవర్ గది చిప్పుల గదికి వేరుగా, పోతపోసిన అల్యూమినియం బాడీలో ఉండాలి. పల్చటి రేకు డబ్బాలో చిప్పులకి ఆనించి పెట్టిన డ్రైవర్ రెండు వేసవులు దాటితే గొప్పే.

స్పెసిఫికేషన్‌లో రాయాల్సినవి: 140 నుంచి 270 ఓల్టుల దాకా వెలుగు తగ్గకుండా పనిచేయాలి. 440 ఓల్టులు వచ్చినా కాలిపోకుండా ఆగి, మామూలు ఓల్టేజి రాగానే తనంతట తాను వెలగాలి. పవర్ ఫాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) 0.95 పైన, టీహెచ్‌డీ (కరెంటు అలలో వచ్చే వంకర) 10 శాతం లోపు. విడిగా తీసి మార్చుకోగలిగిన 10 కేవీ (10,000 ఓల్టుల) సర్జ్ ప్రొటెక్టర్, అంటే ఉరుములప్పుడు ఎగసే ఓల్టేజిని అడ్డుకునే ముక్క. ఐపీ66 (దుమ్మూ నీళ్ళూ చొరబడనిది), ఐకే08 (దెబ్బకి తట్టుకునేది). ఫిట్టింగ్‌కి ఐఎస్ 10322, డ్రైవర్‌కి ఐఎస్ 15885 కింద బీఐఎస్ రిజిస్ట్రేషన్.

440 ఎందుకంటే, మన లైన్లలో న్యూట్రల్ తెగడం మామూలు విషయం. న్యూట్రల్ జంపరు వదులైనా, గాలికి తెగినా, మూడు ఫేజుల మధ్య ఇళ్ళూ దీపాలూ సిరీస్‌లో పడిపోతాయి. తక్కువ లోడున్న ఫేజు మీద ఓల్టేజి 400 వైపు పరుగెడుతుంది. ఒకే రాత్రి ఒకే వీధిలో పదిహేను లైట్లు పోతే అది ఫిట్టింగ్ తప్పు కాకపోవచ్చు. వారంటీ కోసం గొడవ పడేముందు న్యూట్రల్ చూడండి. రాగి చోకు సోడియం ఇలాంటివెన్నో చూసి బతికేది. ఎల్‌ఈడీకి ఆ మొండితనం లేదు.

సర్జ్ ప్రొటెక్టర్ విషయంలో రెండు రకాలు అడిగి చూసుకోండి. డ్రైవర్‌కి సమాంతరంగా ఉండేది చచ్చిపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది. రక్షణ పోయిన సంగతి ఎవరికీ తెలీదు, తర్వాతి ఉరుముకి డ్రైవరు పోతుంది. సిరీస్‌లో ఉండేది చచ్చిపోతే లైటు కూడా ఆరిపోతుంది, చిన్న ముక్క మార్చి మళ్ళీ వెలిగించుకోవచ్చు. కాలబైశాఖి (వేసవి గాలివాన) ఉరుములు పడే గజపతి, రాయగడ కొండ ప్రాంతాలకి రెండోదే మేలు. "డ్రైవర్ లోపలే 4 కేవీ ఉంది కదా" అనే వాదన వినకండి.

ఎర్త్ లేకపోతే పై రకాలు రెండూ సగం పనే చేస్తాయి. ఫేజు నుంచి నేలకి పోవాల్సిన సర్జ్‌కి దారే ఉండదు. సిమెంటు స్తంభాల మీద చాలాచోట్ల చేతి పైపుకి ఎర్త్ వైరే ఉండదు. మూడు తీగల కేబుల్ తెచ్చి, ఆకుపచ్చ తీగని పైపుకి చుట్టి వదిలేస్తారు. అది ఎర్త్ కాదు. పైపు నుంచి జీఐ తీగ కిందికి దిగి ఎర్త్ కాయిల్‌కో రాడ్‌కో చేరాలి. ఇనుప స్తంభమైతే ఇది లైటు కోసం మాత్రమే కాదు, వానలో దాన్ని పట్టుకునే పిల్లాడి కోసం కూడా.

శాంపిల్ చేతికొచ్చాక

కొనేముందు రెండు శాంపిల్స్ తీసుకుని ఒకదాన్ని విప్పేయండి. వేరియాక్ (ఓల్టేజి పెంచి తగ్గించే పరికరం) మీద 230 ఓల్టుల దగ్గర వాట్లు చూడండి. 120 అని రాసింది 95 తాగుతుంటే వెలుగూ అంతే తక్కువ. తర్వాత 140కి దించండి, 270కి పెంచండి. నాలుగు గంటలు వెలిగించాక బాడీ వెనక రెక్కలు వేడెక్కాలి. చిప్పులు కాలుతూ రెక్కలు చల్లగా ఉంటే వేడి బయటికి రావడం లేదన్నమాట, మధ్యలో థర్మల్ పేస్టు లేదు. వేడిగా ఉండగానే పైపుతో నీళ్ళు కొట్టి, మర్నాడు విప్పి చూడండి. వేడెక్కిన డబ్బా మీద వాన పడితే లోపలి గాలి కుదించుకుని, రబ్బరు గాస్కెట్ సందుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది. గాలి మాత్రమే పోనిచ్చే చిన్న బ్రీదర్ ఉన్న ఫిట్టింగ్‌లో ఈ బాధ ఉండదు. తొలకరి పురుగులు డబ్బా నిండా చచ్చి పడున్నాయంటే కూడా గాస్కెట్ పోయినట్టే.

గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు ఉప్పుగాలి వేరే పరీక్ష. మామూలు బోల్టులు ఏడాది తిరక్కుండా కరుచుకుపోయి, డ్రైవర్ మూత తెరవాలంటే పగలగొట్టాల్సి వస్తుంది. 316 రకం స్టీలు బోల్టులు, వాటికి గ్రీజు, బాడీకి మందమైన పౌడర్ కోటింగ్ అడగండి. మూతకి పాలీకార్బొనేట్ కన్నా గట్టి గాజు మంచిది. ఎండకి పచ్చబడదు, తుడిస్తే ఉప్పు పొర పోతుంది.

తెలుపా, పసుపా

సోడియం వెలుగు 2,000 కెల్విన్ల (వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు, నీలం వైపు) చుట్టూ ఉండే నారింజ రంగు. ఎల్‌ఈడీలో 3,000 నుంచి 6,500 దాకా దొరుకుతాయి. 5,700, 6,500 వాటికి అదే వాటుకి కాస్త ఎక్కువ ల్యూమెన్లు రావడంతో టెండర్లలో అవే గెలుస్తాయి. కానీ నీలి కాంతి ఎక్కువ కావడం వల్ల కళ్ళకి గుచ్చుకుంటాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లోనే వీధి దీపాలు 3,000 మించకుండా ఉంటే మంచిదని చెప్పింది. బజారు రోడ్లకి 4,000, ఇళ్ళ మధ్య సందులకి 3,000 అన్నది మా మాట. పట్టు చీర రంగు రాత్రిపూట కూడా తేడా తెలియాల్సిన బరంపురం బట్టల బజార్లకి 4,000తో పాటు సీఆర్‌ఐ 70కి తగ్గకూడదని రాయండి (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది). సోడియం కింద ఎరుపూ నలుపూ ఒకేలా కనిపించేవని అందరికీ తెలిసిందే.

ఋషికుల్యా నది మొగ దగ్గర మాత్రం వేరే నియమం. అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొచ్చి, వెలుతురున్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి. తెల్లటి వీధి దీపం వాటిని ఊరి వైపు లాగేస్తుంది. తీరాన కనిపించే ప్రతి లైటుకీ 590 నానోమీటర్ల దగ్గరుండే అంబర్ ఎల్‌ఈడీ, సముద్రం వైపు రేకు మూత, పిల్లలు వచ్చే నెలల్లో పూర్తిగా ఆర్పేయడానికి విడి స్విచ్. 3,000 కెల్విన్ల "వార్మ్ వైట్" అంబర్ కాదు. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది దీని దగ్గరే.

ఎవరు వెలిగిస్తారు, ఎవరు ఆర్పుతారు

నాలుగు దారులున్నాయి. మనిషి స్విచ్ వేయడం, ఫొటోసెల్ (వెలుతురు చూసి వేసి ఆర్పేది), టైమరు, దూరం నుంచే వేసి, ఆర్పి, కనిపెట్టే సీసీఎంఎస్ ప్యానెల్. మనిషి సెలవు పెట్టిన రోజు లైట్లు పగలంతా వెలుగుతాయి. ఫొటోసెల్ మీద దుమ్మూ పక్షి రెట్టా పడితే దానికి ఎప్పుడూ రాత్రే. చిన్న ఎన్ఏసీకి సరిపోయేది ఆస్ట్రనామికల్ టైమరు. అక్షాంశం 19 డిగ్రీల దగ్గర పెట్టేస్తే ఏడాది పొడుగునా సూర్యాస్తమయం వేళని అదే లెక్కకడుతుంది. బ్యాటరీ బ్యాకప్ లేనిది మాత్రం కొనకండి, కరెంటు పోయి వచ్చాక గడియారం తప్పుతుంది.

వెయ్యి లైట్లు దాటిన ఊళ్ళకి సీసీఎంఎస్ లాభమే. సిమ్ కార్డుతో పనిచేసే ఆ ప్యానెల్ ఏ ఫేజులో ఎంత కరెంటు వెళ్తోందో చెబుతుంది. 30 లైట్ల లైనులో నాలుగు పోతే ఆంపియర్లలోనే తెలిసిపోతుంది, ఫిర్యాదు కోసం ఎదురుచూడక్కర్లేదు. కొండ దిగువ గ్రామాల్లో సిగ్నల్ చూసుకోండి, సిగ్నల్ లేకపోతే లోపలి టైమరు మీద నడిచేలా ఉండాలి. ప్రతి లైటుకీ విడిగా చిప్పు పెట్టే నోడ్ పద్ధతి ఈ ఊళ్ళకి ఇంకా బరువే. దాన్ని చూసుకునే మనిషి దొరకడు.

ప్యానెల్‌లో రెండు తప్పులు ఎక్కువ. సోడియం కాలంలో పవర్ ఫాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్లని అలాగే వదిలేస్తే, ఎల్‌ఈడీ వచ్చాక అవి పవర్ ఫాక్టర్‌ని అవతలివైపుకి (లీడింగ్) లాగుతాయి. తీసేయాలి. రెండోది, ఎల్‌ఈడీ డ్రైవర్లన్నీ ఒకేసారి వెలిగేటప్పుడు రెప్పపాటులో వెయ్యో వంతు సేపు భారీ కరెంటు లాగుతాయి. బీ రకం ఎంసీబీ పడిపోతుంది, చిన్న కాంటాక్టరు (కరెంటుతో పనిచేసే స్విచ్) పాయింట్లు అతుక్కుపోయి లైట్లు పగలు కూడా ఆరవు. సీ రకం ఎంసీబీ వాడండి. ఒక్కో ఎంసీబీకి ఎన్ని లైట్లో డ్రైవర్ డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది.

వీధి దీపాలకి విడి తీగ లేని లైన్లలో ఇవేవీ పనిచేయవు. కొత్తగా ఏబీ కేబుల్ (తొడుగున్న తీగలు మెలేసిన లైను) వేయిస్తుంటే మూడు ఫేజులు, న్యూట్రల్‌తో పాటు 16 చ.మి.మీ. వీధి దీపం తీగ ఉన్నదే వేయమనండి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాత్రలాంటి పండగలప్పుడు సీరియల్ సెట్లకి, మైకులకి ఆ తీగ మీదే కొక్కేలు పడతాయి. ఆ రోజులకి విడి కనెక్షన్ ఇప్పించడం డ్రైవర్లు కొనడం కన్నా చవక.

కొనాలా, కంపెనీకి ఇచ్చేయాలా

2015 జనవరి 5న మొదలైన జాతీయ వీధి దీపాల పథకంలో ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ తన డబ్బుతో లైట్లు పెట్టి, మిగిలిన కరెంటు ఖర్చులోంచి ఏడేళ్ళలో తిరిగి తీసుకునే పద్ధతి వచ్చింది. హుద్‌హుద్ తర్వాత విశాఖలో 90 వేలకు పైగా దీపాలు మారింది అలాగే. చేతిలో డబ్బు లేని మున్సిపాలిటీకి ఇది మంచి దారి. ఏ కంపెనీతో చేసుకున్నా జాగ్రత్త పడాల్సింది, ఆదాని దేనితో పోల్చి లెక్కిస్తారో ఆ బేస్‌లైన్ దగ్గర. ఇప్పుడున్న 1,000 లైట్లలో 300 వెలగడం లేదనుకోండి. "వెయ్యి సోడియంలు ఇంత తాగేవి" అని కాగితం మీద లెక్కకట్టి ఆదా చూపిస్తే, మీరు ఎప్పుడూ కట్టని బిల్లులో వాటా ఇస్తున్నట్టు. ప్యానెల్ మీటర్లతో ఒక నెల నిజంగా కొలిచి, వెలిగే లైట్లు మాత్రమే బేస్‌లైన్‌లో పెట్టండి.

సొంతంగా కొంటే వారంటీ ఐదేళ్ళా ఏడేళ్ళా అని చూస్తారు గానీ, నిచ్చెన ఎవరిదో చూడరు. వారంటీలో కొత్త ముక్క ఉచితం. పాతది దింపి, కొత్తది ఎక్కించే కూలీ, బండి ఎవరివో రాసి ఉండాలి. 48 గంటల్లో వెలగకపోతే రోజుకింత కోత అని కూడా. ఐదు శాతం ఫిట్టింగ్‌లు, పది శాతం డ్రైవర్లూ సర్జ్ ముక్కలూ మొదటి బిల్లులోనే స్టోరుకి తెప్పించుకోండి. 2013లో ఫైలిన్ తుపాను, 2018లో తిత్లీ తుపాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలకి స్టోరు నిండుగా ఉండాలి.

కొండ మీద ఊళ్ళకి సోలార్

లైను తీసుకెళ్ళడం కుదరని చోటే సోలార్. స్తంభం పక్కనే కరెంటు ఉంటే దాని జోలికి పోవద్దు. 12 వాట్ల దీపం, నాలుగు గంటలు నిండుగా, ఎనిమిది గంటలు సగం వెలుగుతో అంటే రాత్రికి 96 వాట్-అవర్లు. మబ్బు పట్టినా మూడు రాత్రులు గడవాలంటే 12.8 ఓల్టుల, 30 ఆంపియర్-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, 75 వాట్ల పలక కావాలి. చవకగా వచ్చే సెట్లలో పలకా బ్యాటరీ ఇందులో సగమే ఉంటాయి, అందుకే ఆషాఢం రాగానే రాత్రి పదికే ఆరిపోతాయి. పలక దక్షిణానికి, దాదాపు 20 డిగ్రీల వాలు. మామిడి చెట్టు కింద అస్సలు వద్దు. బ్యాటరీ నేల దగ్గర పెట్టెలో కాకుండా పైన, దొంగ చెయ్యి అందని ఎత్తులో ఉండాలి.

ఎక్కించే రోజు

లైన్ క్లియర్ (లైను ఆపినట్టు అనుమతి) తీసుకుని, టెస్టరుతో చూసి, తర్వాతే నిచ్చెన. పాత తీగలు వాడొద్దు. స్తంభం నుంచి ఫిట్టింగ్ దాకా 1.5 చ.మి.మీ. రాగి, మూడు తీగల కేబుల్ చాలు. అల్యూమినియం లైను మీద రాగి తీగని చుట్టి టేపు వేయడం ఇక్కడ అందరికీ అలవాటు. రెండు లోహాల మధ్య తడి చేరి తుప్పు పడుతుంది, ఆరు నెలలకి లైటు మిణుకుతుంది, ఆ మిణుకే డ్రైవర్‌ని తినేస్తుంది. ఏబీ కేబుల్‌కి పియర్సింగ్ కనెక్టర్, విడి తీగలకి బైమెటల్ క్లాంప్. కేబుల్ ఫిట్టింగ్‌లోకి వెళ్ళేముందు కిందికి ఒక లూపు వదలండి, వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి.

పాత చేతి పైపులు 15, 20 డిగ్రీలు పైకి ఎత్తి ఉంటాయి. సోడియంకి అది నప్పింది. ఎల్‌ఈడీకి 5, మహా అయితే 10. మెడ దగ్గర సర్దుబాటు లేకపోతే పైపునే వంచాలి.

దించిన సోడియం దీపాల్లోనూ ట్యూబుల్లోనూ పాదరసం ఉంటుంది. మున్సిపాలిటీ ఆవరణలో గుట్టపోసి పగలగొట్టకండి. ఈ-వ్యర్థాల నియమాల కింద రిజిస్టరైన రీసైక్లర్‌కి, పెట్టెల్లో పేర్చి ఇవ్వాలి. చోకుల్లో రాగి ఉంటుంది కాబట్టి వాటిని స్తంభం నంబరుతో సహా స్టాకు రిజిస్టరులో ఎక్కించి, దించిన రోజే స్టోరుకి చేర్చండి. సాయంత్రం దాకా లారీలో వదిలితే లెక్క తక్కువొస్తుంది.